సోషల్ వర్క్ పరిశోధన, 5వ పాఠం: ప్రశ్నావళి కంటే ముందు ఖాళీ పట్టిక

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే మహిళల్లో, ఆ పనిలో గడిపిన ఏళ్లకూ దగ్గు బాధకూ సంబంధం ఉందా అన్న ప్రశ్నను కిందటి పాఠంలో ఖరారు చేసుకున్నాం. ఈసారి సమాచార సేకరణకూ విశ్లేషణకూ ప్రణాళిక వేద్దాం. చాలామంది విద్యార్థులు ఫారాలన్నీ నింపుకొని వచ్చాక, ఇప్పుడు ఏ టెస్టు పెట్టాలని గైడును అడుగుతారు. అప్పటికే చెయ్యి దాటిపోయి ఉంటుంది. ఎం.ఎస్.డబ్ల్యూ. చదివే రోజుల్లో నేనూ వయసును 20–30, 31–40 అంటూ గడుల్లో టిక్కు పెట్టించి, తీరా సగటు కట్టబోయి తెల్లమొహం వేశాను. అసలు వయసు రాయించుకుంటే గడులు ఎప్పుడైనా కట్టుకోవచ్చు గాని, గడుల్లోంచి అసలు వయసును రాబట్టలేం.

కాబట్టి ముందు ఒక ఖాళీ పట్టిక గీయండి. అడ్డంగా పనిలో ఐదేళ్లు నిండనివారు, నిండినవారు. నిలువుగా దగ్గు ఉన్నవారు, లేనివారు. మొత్తం 60 మందిని కలిశారనీ, వారిలో కొత్తవారు, అంటే ఐదేళ్లు నిండనివారు, 12 మంది, దగ్గు లేనివారు 15 మంది అనీ అనుకుందాం. దగ్గు లేని కొత్తవారి గడిలో ఆశించదగిన సంఖ్య, అంటే ఏళ్లకూ దగ్గుకూ సంబంధమే లేకపోతే ఉండవలసిన సంఖ్య, 12ను 15తో హెచ్చించి 60తో భాగిస్తే వచ్చేది, అంటే 3. రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో తేల్చే కై-స్క్వేర్ పరీక్షను ఇలాంటి నాలుగు గడుల పట్టికకు వాడాలంటే ప్రతి గడిలోనూ ఆ సంఖ్య కనీసం 5 ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. ఇక్కడ 3 మాత్రమే కాబట్టి, చిన్న సంఖ్యలకూ పనికొచ్చే ఫిషర్ పరీక్షకు మళ్లాలి, లేదా కొత్తవారిని 20 మందికి పెంచాలి. మిగతా సంఖ్యలు మారకపోతే లెక్క సరిగ్గా 5కు వస్తుంది. అయితే కావాలని పెంచాం గనుక, కూలీల్లో మూడో వంతు కొత్తవారేనని రిపోర్టులో రాసే హక్కు మనకు ఉండదు. ఇదంతా కాగితం మీద తేల్చుకోవడానికి అరగంట చాలు.

ఇంట్లో కట్టెల పొయ్యి ఉన్నా దగ్గు రావచ్చు కాబట్టి ఆ ప్రశ్న కూడా ఫారంలో ఉండి తీరాలి, దానికీ ఒక పట్టిక గీయాలి. ఏ పట్టికలోనూ చోటు దొరకని ప్రశ్నను, ఎంత ముచ్చటగా ఉన్నా, కొట్టేయండి.

ఇక ఎవరిని కలవాలన్నది అసలు చిక్కు. రోజుకూలీల పూర్తి జాబితా ఎవరి దగ్గరా దొరకదు. పరిచయమైన ఒక్క మేస్త్రి వెంట వెళితే 60 మందీ ఆయన మనుషులే అవుతారు. అందుకని ముందు మేస్త్రిల జాబితా రాసుకొని, ఒక్కొక్కరి కింద ఐదుగురికి మించకుండా తీసుకోవడం నయం. దాన్ని యాదృచ్ఛిక నమూనా, అంటే పూర్తి జాబితా నుంచి చీటీ తీసినట్టు ఎంచుకున్నది, అని మాత్రం పిలవకండి. మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి–ఏప్రిల్ నెలల్లోనే కలవాలి, ఎందుకంటే జూలైలో వెళ్లి మార్చి నాటి దగ్గు గురించి అడిగితే జ్ఞాపకం చెబుతారే తప్ప బాధ చెప్పరు. "గత రెండు వారాల్లో" అని గడువు పెట్టి అడగండి.

కుప్ప పక్కన కూర్చోబెట్టి, మేస్త్రి వింటుండగా అడిగితే "ఏం లేదమ్మా, బానే ఉన్నాం" అన్న జవాబే వస్తుంది. ఆ మాటే సాయంత్రం ఆమె ఇంటి అరుగు మీద అడిగి చూడండి. కిలో లెక్కన పని చేసే మనిషిని రోజు కూలి ఎంతని అడగడం కూడా పొరపాటే. నిన్న ఎన్ని కిలోలు తీశారు, కిలోకు ఎంత ఇచ్చారు అని రెండుగా అడిగి, హెచ్చవేత మీరు చేసుకోండి. జవాబు రాకపోతే సున్నా వేయకూడదు. సున్నా అంటే కూలి రాలేదని అర్థం, 9999 వేస్తే జవాబు లేదని ముందే కోడు పుస్తకంలో (ఏ అంకెకు ఏ అర్థమో రాసుకునే పుస్తకంలో) రాసుకోవాలి, సగటు కట్టేటప్పుడు దాన్ని తీసేయాలి.

వచ్చే పాఠానికి ముందు మీ అంశానికి మూడు ఖాళీ పట్టికలు గీసి, ఒక్కో గడికీ ఫారంలోని ఏ ప్రశ్న సమాచారం ఇస్తుందో పక్కన దాని సంఖ్య వేసి ఉంచండి. ఆ కాగితంతోనే ఐదుగురి దగ్గర ప్రశ్నావళిని పరీక్షించి చూద్దాం.