ఎయిర్ రైఫిల్‌కు నప్పే పెల్లెట్లను ఎంచుకునే విధానం

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టార్గెట్ నడుమ ఉండే పదో వలయం వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. దాని మీద పడవలసిన పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న గుండు, వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి ఎంత దూరంలో పడిందో ఎలక్ట్రానిక్ యంత్రం కొలిచి, ప్రతి పావు మిల్లీమీటరుకూ ఒక దశాంశం చొప్పున తగ్గిస్తుంది. పావు మిల్లీమీటరు లోపల పడితే 10.9, అర మిల్లీమీటరు లోపలైతే 10.8, అలా తగ్గుతూ 2.5 మిల్లీమీటర్ల దగ్గర 10.0 వస్తుంది. రైఫిల్‌ను కదలకుండా బిగించి కాల్చినప్పటికీ పెల్లెట్ల కేంద్రాలు 3 మిల్లీమీటర్ల వృత్తంలో చెదిరిపోతున్నాయంటే, షూటర్ చేతిలో ఏ లోపమూ లేకుండానే కొన్ని షాట్లు 10.4 దగ్గర ఆగిపోతాయి. అదే చెదురు 1.5 మిల్లీమీటర్లకు తగ్గితే అధమమైన షాటు కూడా 10.7 కంటే దిగదు. 60 షాట్లలో గరిష్ఠ స్కోరు 654 అయిన పోటీలో ఈ తేడా ఫైనల్‌కు చేరడాన్నీ చేరకపోవడాన్నీ నిర్ణయించగలదు.

విదేశాల్లో రైఫిల్ షూటర్లు కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులను సాగదీసి, కుదించి, తమ తూటాలను తామే నింపుకుంటారని చదివిన మన యువకులు ఇక్కడా అలా చేయవచ్చా అని అడుగుతుంటారు. చేయకూడదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఎయిర్ రైఫిల్ షూటర్‌కు ఆ అవసరమూ లేదు, ఎందుకంటే పెల్లెట్ తయారై వస్తుంది. తన రైఫిల్ గొట్టానికి, అంటే బారెల్‌కు, ఏది నప్పుతుందో తేల్చుకోవడమే షూటర్ పని. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే కాంస్యం గెలిచిన తరువాత హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ పట్టే పిల్లల ఆసక్తి పెరిగింది గానీ, వారిలో చాలామంది పక్క లేనులోని షూటర్ వాడే డబ్బానే కొని సరిపెట్టుకుంటున్నారు. ఒక బారెల్‌కు అమృతమైన పెల్లెట్ మరో బారెల్‌లో ఎందుకూ కొరగాకపోవచ్చు.

ఇంకా 9 వలయంలో నిలకడగా కాల్చలేని వారికి, ఏ పెల్లెట్ నప్పుతుందో తేల్చే ఈ పరీక్ష అక్కరలేదు. వారు ఏదో ఒక మంచి మ్యాచ్ పెల్లెట్ కొనుక్కుని సాధన మీద శ్రద్ధ పెట్టడం మేలు.

పోటీలో వాడే పెల్లెట్ మెత్తని సీసంతో చేసినది. తల బల్లపరుపుగా ఉండి కాగితంలో శుభ్రమైన రంధ్రం చేస్తుంది, నడుము సన్నగా ఉంటుంది, వెనుక బోలుగా ఉండే అంచు, అంటే స్కర్ట్, గాలి ఒత్తిడికి విచ్చుకుని బారెల్ గాడులకు అతుక్కుంటుంది. రైఫిల్‌కు సాధారణంగా 0.53 గ్రాముల బరువున్నవి వాడతారు. డబ్బా మీద 4.49, 4.50, 4.51 వంటి అంకె కనబడితే అది తల వ్యాసం. దానికంటే ముఖ్యమైనది లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన పెల్లెట్లకు వేసే గుర్తు. అచ్చులు అరిగే కొద్దీ, మార్చే కొద్దీ పెల్లెట్ కొలతలు సూక్ష్మంగా మారతాయి కనుక, ఒకే కంపెనీ ఒకే తల వ్యాసంతో చేసిన రెండు లాట్లు ఒకే రైఫిల్‌లో వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. కొనేటప్పుడు వేర్వేరు లాట్ల నుంచి ఒక్కో డబ్బా చొప్పున నాలుగైదు తీసుకుని, పరీక్ష ముగిసే దాకా దుకాణదారును మిగతా నిల్వ ఆపి ఉంచమని అడగండి.

పరీక్షకు రైఫిల్‌ను మెత్తటి దవడలున్న వైస్‌లో గానీ, కదలని రెస్ట్ మీద గానీ బిగించాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజి అయినా, మీ అకాడమీ అయినా, కోచ్‌ను ముందే అడిగి జనం తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి. మొదట ఫెల్ట్ పెల్లెట్లతో, అంటే బారెల్ తుడవడానికి వాడే మెత్తటి ఉన్ని బిళ్లలతో, బారెల్ శుభ్రం చేయండి. శుభ్రమైన బారెల్ వెంటనే కుదురుకోదు కాబట్టి ఇరవై షాట్లు ఊరకే కాల్చి వదిలేయండి. లాట్ మార్చిన ప్రతిసారీ కొత్త సీసానికి బారెల్ అలవాటు పడేలా మరో పది కాల్చాలి, కానీ మధ్యలో మళ్లీ శుభ్రం చేయకూడదు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి అన్ని లాట్లకూ ఒకే పరిధిలో ఉండాలి.

ఒక్కో లాట్‌తో పదేసి షాట్ల గ్రూపులు మూడు కాల్చండి. కాగితం మీద కాల్చేవారు రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచు వరకు డిజిటల్ కాలిపర్‌తో కొలిచి, అందులో నుంచి పెల్లెట్ వ్యాసాన్ని తీసేస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పెల్లెట్ వెళ్లిన తరువాత కాగితం కొంత మూసుకుంటుంది కనుక రంధ్రం 4.5 మిల్లీమీటర్ల కంటే చిన్నదిగా కనబడుతుంది. అదే కాగితం మీద విడిగా ఒక షాటు కాల్చి, ఆ రంధ్రం వెడల్పు కొలిచి, దానినే తీసివేయడం సరైన పద్ధతి. కాలిపర్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది.

మూడింటిలో అతి చిన్న గ్రూపును చూసి మురిసిపోకండి. సగటును, అతి పెద్ద గ్రూపును పక్కపక్కన రాసుకుని, రెండూ తక్కువగా ఉన్న లాట్‌నే ఎంచుకోండి. గ్రూపు నిలువుగా సాగితే తప్పు పెల్లెట్‌ది కాకపోవచ్చు. గాలి ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ ప్రతిసారీ ఒకే ఒత్తిడి ఇవ్వకపోవడంతో వేగం మారినా అలాగే సాగుతుంది. తొమ్మిది షాట్లు ఒకచోట పడి ఒక్కటే దూరంగా పోతుంటే, ఆ డబ్బాలో స్కర్ట్ నొక్కుకుపోయిన పెల్లెట్లు ఉన్నాయేమో వెతకాలి.

అలాంటివి ఏరేయడానికి గాజు పలక చాలు. పలకను కొద్దిగా వాల్చి పెల్లెట్‌ను దొర్లించండి. తల కన్నా స్కర్ట్ వెడల్పు కావడం వల్ల అది నేరుగా పోక వంపు తిరుగుతూ దొర్లుతుంది. బాగున్నవన్నీ దాదాపు ఒకే వంపులో పోతాయి, నొక్కుపడినది తడబడుతూ తుళ్లుతుంది.

బరువు తూచడం గురించి ఒక మాట. చార్‌కమాన్ నగల దుకాణాల్లో ఉండే లాంటి మిల్లీగ్రాము త్రాసు కొని, వందలకొద్దీ పెల్లెట్లను తూచి వేరుచేసే షూటర్లు ఉన్నారు. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ పది మీటర్లలో దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. బరువు ఒక శాతం, అంటే 5 మిల్లీగ్రాములు, పెరిగితే వేగం అర శాతం తగ్గి, ఆ దిగుడు మరో 0.17 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది ఒక్క దశాంశం విలువ కూడా కాదు. మరీ తేడాగా ఉన్నవాటిని పట్టుకోవడానికి తప్ప, ఈ శ్రమకు తగిన ఫలితం ఉండదని నా అభిప్రాయం.

లాట్ తేలగానే, ఆ నంబరువే వీలైనన్ని డబ్బాలు కొనేయండి. డబ్బాకు 500 పెల్లెట్ల చొప్పున వస్తే, రోజుకు వంద కాల్చేవారికి పది డబ్బాలు యాభై రోజుల సాధనకే సరిపోతాయి. కాబట్టి పోటీలకు కొన్ని డబ్బాలు సీలు తీయకుండా విడిగా ఉంచాలి. వానాకాలం తేమకు సీసం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. మూత గట్టిగా ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లంతో పాటు భద్రపరచండి. స్కూటర్ డిక్కీలో విడిగా పడేసిన డబ్బా గతుకుల రోడ్డు మీద అదిరి స్కర్టులు నొక్కుకుపోతాయి కనుక, లోపల స్పాంజి ముక్క పెట్టి, డబ్బాను సంచిలో మీతోనే ఉంచుకోండి. పెల్లెట్‌ను పెదవుల మధ్య పట్టుకునే అలవాటు ఉంటే వెంటనే మానుకోవాలి. సీసం విషం కాబట్టి ఏదైనా తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.