స్టెప్ ఫైల్‌లో పార్టు తేడాగా వస్తోందా? ఇక్కడ వెతకండి

క్యాడ్‌లో (డిజైన్ సాఫ్ట్‌వేర్) సరిగ్గా ఉన్న పార్టు క్యామ్‌లో (మెషినింగ్ ప్రోగ్రాం తయారుచేసే సాఫ్ట్‌వేర్) పాడైతే, ముందు ఆ స్టెప్ ఫైల్‌ను, అంటే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి 3డీ మోడల్‌ను మోసుకెళ్లే ఫైల్‌ను, నోట్‌ప్యాడ్‌లో తెరవండి. లోపల ఉండేది మామూలు టెక్స్టే. సగం జబ్బులు అక్కడే దొరుకుతాయి.

సైజు 25.4 రెట్లు తేడా

ఇంచ్, మిల్లీమీటర్ల గొడవ. స్టెప్ ఫైల్‌లో యూనిట్ రాసే ఉంటుంది. అక్కడ మిల్లీ మీటర్ అనే ఉంటే తప్పు ఇంపోర్ట్ సెట్టింగ్‌ది. ఫైల్ యూనిట్‌నే తీసుకోమని మార్చండి. ఎస్‌టీఎల్‌లో (ఆకారాన్ని త్రిభుజాలుగా రాసే ఫార్మాట్) మాత్రం యూనిటే ఉండదు, పంపేవారే చెప్పాలి. కొలత తెలిసిన ఒక రంధ్రాన్ని కొలిచి చూసుకోండి.

సాలిడ్ బదులు విడి సర్ఫేస్‌లు

ఐజెస్ (స్టెప్ కంటే పాత ఫార్మాట్) ఫైల్ అయితే ఆశ్చర్యం లేదు. అందులో తరచు కత్తిరించిన సర్ఫేస్‌లే వస్తాయి, ఏది దేని పక్కనో రాసి ఉండదు. 1996 నాటి 5.3 వెర్షన్‌తోనే ఆగిన ఫార్మాట్ అది; స్టెప్ అడగండి.

స్టెప్‌లోనూ ఇలాగే వస్తే కారణం తరచు టాలరెన్స్, అంటే అంచుల మధ్య ఎంత ఖాళీని ఒప్పుకోవచ్చన్న హద్దు. ఉదాహరణకు, పంపిన సాఫ్ట్‌వేర్ అంచుల మధ్య 0.01 మి.మీ. ఖాళీని ఒప్పుకుంటుంది, తీసుకునేది 0.001 దాటితే ఒప్పుకోదు. ఫైల్‌లో అన్‌సర్టెనిటీ అని రాసిన విలువ చూసి, స్టిచ్ టాలరెన్స్‌ను (సర్ఫేస్‌లను అతికే హద్దు) అంతకంటే కాస్త పెంచండి. ఒకేసారి 0.1కి వెళ్లారో, సన్నని ఫిల్లెట్లు (గుండ్రని మూలలు) మాయమైనా తెలియదు. పదేపదే అదే చోట చిరుగు వస్తుంటే ఇక్కడ అతుకులు వేయడం దండగ. అసలు క్యాడ్‌లో ఆ ఫిల్లెట్‌ను మళ్లీ కట్టించి ఎక్స్‌పోర్ట్ చేయించండి. తర్వాత రెండు చోట్లా ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం సరిపోల్చండి. కంటికి బాగుందని వదిలేయొద్దు.

టాలరెన్స్ గుర్తులు, డేటమ్‌లు రాలేదు

ఇక్కడ టాలరెన్స్ అంటే డ్రాయింగ్‌లో కొలతకు ఇచ్చే సడలింపు; డేటమ్ అంటే కొలతలకు ఆధారంగా తీసుకునే తలం లేదా అక్షం. ఫైల్ పైభాగంలో స్కీమా వరస (ఫైల్ ఏ నియమాలతో రాశారో చెప్పేది) చదవండి. కాన్ఫిగ్ కంట్రోల్ డిజైన్ అంటే ఏపీ 203 (ఏపీ అంటే స్టెప్ ప్రమాణంలో ఒక భాగం), ఆటోమోటివ్ డిజైన్ అంటే ఏపీ 214. ఇన్‌స్పెక్షన్ సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా టాలరెన్స్‌లు రావాలంటే 2014లో వచ్చిన ఏపీ 242 కావాలి. అయినా పీఎంఐ (మోడల్‌కు జతచేసిన కొలతలు, టాలరెన్స్‌ల సమాచారం) రెండు రకాలు: గీతలుగా కనిపించేది, యంత్రం చదివేది. సీఎంఎం (పార్టును కొలిచే యంత్రం) ప్రోగ్రాంకు రెండోదే పనికొస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో సెమాంటిక్ (యంత్రం చదివే) ఆప్షన్ పెట్టమని స్పష్టంగా అడగండి.

ఈఆర్‌పీలో పార్టు నంబర్లు మారాయి

ఈఆర్‌పీ (కంపెనీ సరుకు, ఆర్డర్ల సాఫ్ట్‌వేర్) విషయంలో తప్పు స్టెప్‌ది కాదు, ఇది ఎక్సెల్ పని. సీఎస్‌వీ (పార్టుల జాబితాను కామాలతో రాసిన ఫైల్) మీద డబుల్ క్లిక్ చేస్తే 00457 కాస్తా 457 అవుతుంది, 12ఈ5 పన్నెండు లక్షలవుతుంది. డేటా మెనూ నుంచి తెచ్చుకుని, ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా పెట్టండి. ఒకసారి సేవ్ చేసేశాక పోయిన సున్నాలు తిరిగి రావు. ఫైల్‌ను మళ్లీ తెప్పించుకోవాల్సిందే.