గేమ్ బాగానే ఉంది, నడవనిది ఇన్‌స్టాలరే

విండోస్ 95 కాలపు గేమ్ సీడీ పెట్టి సెటప్ నొక్కితే, ఈ ప్రోగ్రామ్ ఇందులో నడవదని మెసేజ్. చిత్రమేమిటంటే గేమ్ 32-బిట్‌దే, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ ఒక్కటే అంతకంటే పాత 16-బిట్‌ది. నాది 64-బిట్ విండోస్, అందులో 16-బిట్ ప్రోగ్రాములు నడవవు; పాత విండోస్‌లా ప్రవర్తించే కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా దండగే.

కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో, 16-బిట్ ప్రోగ్రాములు నడిచే 32-బిట్ విండోస్ ఎక్స్‌పీ వేసి, గేమ్ అందులో ఇన్‌స్టాల్ చేసి, ఫోల్డర్ మొత్తం ఇవతలికి కాపీ చేశాను. అయినా తెరుచుకోలేదు, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) ఎంట్రీలు కావాలట! వాటిని ఎక్స్‌పీ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో 'సాఫ్ట్‌వేర్' తర్వాత 'వావ్6432నోడ్' అని చేర్చి ఎక్కించాను. 64-బిట్ విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రాములు వెతికేది అక్కడే.

తెరుచుకుంది గానీ రంగులు చిందరవందర. 256 రంగుల పాత గేములకు ఇది మామూలు జబ్బే. పాత గేముల గ్రాఫిక్స్‌ను కొత్త విండోస్‌లో నడిపించే డీజీవూడూ 2లోని 32-బిట్ డీడ్రా (DDraw.dll) ఫైల్‌ను గేమ్ ఫోల్డర్‌లో పెట్టగానే సర్దుకుంది.

విండోస్‌కు ముందటి డాస్ గేములకైతే ఇంత తంటా లేదు, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ చాలు.