కన్సెక్యుటివ్ అంటే మధ్యలో గ్యాప్ లేని వరుస

ఇంగ్లిష్ ఫారాల్లో, మందుల చీటీల్లో కన్సెక్యుటివ్ అనే మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చదవండి. ‘5 కన్సెక్యుటివ్ డేస్’ అంటే ఏవో ఐదు రోజులు కాదు, ఒక్క రోజూ మానకుండా వరుసగా ఐదు రోజులు. సోమ, మంగళ, బుధ అయితే కన్సెక్యుటివ్. సోమ, బుధ, శుక్ర అయితే కాదు. మా అమ్మ ఇలాగే మధ్యలో ఒకరోజు మాత్ర వదిలేసి, చివర్లో ఒకరోజు కలిపితే సరిపోతుందనుకుంది. అప్పటినుంచి చీటీ మీద పక్కనే ‘వరుసగా’ అని తెలుగులో రాసిపెడుతున్నాను.

కంటిన్యుయస్ వేరు. కుళాయి నీటి ధార కంటిన్యుయస్. 7, 8, 9 కన్సెక్యుటివ్. విడివిడి వస్తువులే, కానీ ఒకదాని వెంట ఒకటి.

మూలం తెలిస్తే ఇక మర్చిపోరు. లాటిన్‌లో ‘సెక్వి’ అంటే వెంట వెళ్లడం. సీక్వెన్స్, సీక్వెల్ అక్కడివే. మొదటిదాని వెంట వచ్చేది కాబట్టి సెకండ్ కూడా! ఇంకా ముచ్చటేమిటంటే, సంస్కృతంలో వెంట ఉండటాన్ని చెప్పే ‘సచ్’ ధాతువు దీనికి చుట్టమే. రాజు వెంట ఉండేవాడు సచివుడు, మన సచివాలయం అందులోంచే.