పిల్లికి ఫ్లీస్, పిడుదుల జబ్బులు కనిపెట్టడం – 3వ భాగం: టెస్టులు చదవడం

పోయిన భాగంలో దువ్వితే రాలిన నల్లపొడిని తడి టిష్యూ మీద వేసి చూశాం కదా, ఎర్రగా కరిగితే అది ఫ్లీస్ (పిల్లి బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు) తాగి వదిలిన రక్తమే. అయితే అది ఫ్లీస్ ఉన్నాయని చెప్తుంది తప్ప జబ్బు ఉందని కాదు, ఏమీ దొరకలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు, ఎందుకంటే పిల్లి ఒళ్ళంతా నాక్కుంటూ ఫ్లీస్‌ని మింగేస్తుంది.

ఇవాళ ముందు చిగుళ్ళు. పెదవి కొంచెం ఎత్తి పగటి వెలుతురులో చూడండి, పాలిపోయి ఉన్నా, పసుపు తిరిగినా, దానికి తోడు డల్‌గా పడుకుని తిండి మానేసినా, జ్వరం 39.2 సెల్సియస్ దాటినా వెట్ (పశువైద్యుడి) దగ్గరికి వెళ్ళాల్సిందే. అక్కడ మొదట అనుమానించేవాటిలో మైకోప్లాస్మా హీమోఫెలిస్ అనే బ్యాక్టీరియా ఒకటి, ఇది ఎర్ర రక్తకణాల మీద అతుక్కుంటుంది, ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ కణాలనే పగలగొట్టేస్తుంది, దాంతో రక్తం పడిపోతుంది.

చాలామంది బోల్తాపడేది బ్లడ్ స్మియర్ (రక్తపు చుక్కను గాజు పలక మీద పల్చగా పూసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం) దగ్గరే. రక్తాన్ని ట్యూబులో నిలవ ఉంచితే ఈ సూక్ష్మజీవులు కణాల నుంచి ఊడిపోతాయి, అందుకే తీసిన వెంటనే స్మియర్ వెయ్యమని అడగండి. పైగా ఇవి రక్తంలో ఒకరోజు బోలెడు కనిపించి ఇంకోరోజు మాయమవుతాయి, స్టెయిన్ (ఆ రంగు) మరకలు కూడా అచ్చం వీటిలాగే కనిపిస్తాయి. కాబట్టి స్మియర్ నెగటివ్ అంటే జబ్బు లేదని కాదు. పీసీఆర్ (సూక్ష్మజీవి డీఎన్‌ఏని వెతికే టెస్ట్) చాలా నయం, కానీ శాంపిల్ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తియ్యాలి, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ పడ్డాక తీస్తే ఉన్నది కూడా లేదనొచ్చు.

బార్టొనెల్లా కథ తలకిందులు. ఫ్లీస్ మోసుకొచ్చే ఈ బ్యాక్టీరియా ఏ జబ్బూ లేని పిల్లుల్లో కూడా దొరుకుతుంది, యాంటీబాడీ (సూక్ష్మజీవి మీద ఒళ్ళు తయారుచేసుకునే రక్షణ ప్రోటీన్) పాజిటివ్ అంటే ఎప్పుడో తగిలిందని మాత్రమే, ఇప్పటి జ్వరానికి అదే కారణమని తేల్చెయ్యకూడదు (నా మటుకు, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఊరికే ఈ టెస్ట్ చేయించడం దండగ).

పిడుదుల వైపు భయపడాల్సింది సైటాక్స్‌జూన్ ఫెలిస్ అనే పరాన్నజీవి. ఇది అమెరికా దక్షిణ, మధ్య రాష్ట్రాల్లో ఎక్కువ, జ్వరం ఎగబాకి కామెర్లు వచ్చి వారంలోపే ప్రాణం పోవచ్చు, అక్కడుంటే పీసీఆర్ రిజల్ట్ కోసం కూర్చోకుండా ట్రీట్‌మెంట్ మొదలుపెట్టించండి.

వచ్చే భాగంలో మందులు. ఈలోపు కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి అస్సలు రాయకండి, పిల్లికి అది విషం.