గాదంకి బెలూను యాడ పడతాది? గళ్ళ నోటుబుక్కు లెక్క

తిరుపతి దగ్గరి గాదంకి పక్క పల్లెలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్తాను. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నుంచి సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో, వాతావరణం కొలిచే చిన్న పెట్టెను మోసుకుంటూ లేచే తెల్ల బెలూను, మబ్బు లేకపోతే మా మిద్దె మీంచి కనబడుతుంది. "అది యాడ పడతాది సార్?" అని పిల్లోళ్ళు అడిగితే, బడి జెండా తూర్పుకు ఎగరడం చూసి "శ్రీకాళహస్తి పక్క" అనేశాను. అది జులై నెల. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాక తెల్లారి బడికి పోవడానికి మొహం చెల్లలేదు.

ఆ లెక్క ఇదీ. బెలూను సెకనుకు సుమారు 5 మీటర్లు ఎక్కుతుంది. ఒక కిలోమీటరు ఎక్కడానికి 200 సెకన్లు. అక్కడ గాలి సెకనుకు 10 మీటర్లయితే 2 కిలోమీటర్లు పక్కకు పోతుంది. అంటే గాలి వేగాన్ని ఐదుతో భాగిస్తే, కిలోమీటరు ఎత్తుకు ఎంత జరిగిందో వచ్చేసినట్టే. వేగం నాట్లలో (knots; రెండు నాట్లంటే దాదాపు సెకనుకు ఒక మీటరు) ఉంటే ముందు సగం చేయండి.

గాలుల వివరాలకు యూనివర్సిటీ ఆఫ్ వయోమింగ్ వెబ్‌సైటులో చెన్నై స్టేషన్ నంబరు 43279 తీయండి. ఎత్తు, దిక్కు, వేగం వరసగా ఉంటాయి. దిక్కు దగ్గరే అందరూ బోల్తా పడతారు. 270 డిగ్రీలంటే పడమటి నుంచి వచ్చే గాలి, బెలూను తూర్పుకు పోతుంది.

ఇక గళ్ళ నోటుబుక్కులో గడికి 2 కిలోమీటర్లు అనుకొని, మధ్యలో గాదంకి చుక్క పెట్టండి. జులైలో నేను వేసింది, అంకెలు గుండ్రం చేసి చెప్తున్నా: 6 కిలోమీటర్ల ఎత్తు దాకా పడమటి గాలి 10 మీటర్లు, 12 కిలోమీటర్లు తూర్పుకు. 6 నుంచి 8 దాకా గాలి ఎటూ తేల్చుకోదు, వదిలేయండి. 8 నుంచి 12 దాకా తూర్పు గాలి 15 మీటర్లు, వచ్చిన 12 వెనక్కి. మళ్ళీ గాదంకి నెత్తిన! అక్కణ్ణించి 18 దాకా, మన పంచేటి కోటేశ్వరం గారు 1958లో వివరించిన తూర్పు జెట్, అంటే అంత ఎత్తున తూర్పు నుంచి జోరుగా వీచే గాలి: 35 మీటర్లు, 42 కిలోమీటర్లు పడమరకు. ఆ పైన 30 దాకా 15 మీటర్లనుకుంటే ఇంకో 36. మొత్తం 78. బెలూను పగిలేది మదనపల్లె మీద. బడి జెండాకు ఇదంతా ఏం తెలుసు?

గ్యాస్ తక్కువ పట్టి సెకనుకు 4 మీటర్లే ఎక్కితే ఐదుకు బదులు నాలుగుతో భాగించాలి. మెల్లగా ఎక్కేది ఎక్కువ దూరం పోతుంది.

బెలూను పగిలాక పెట్టె పారాచూట్‌తో దిగుతుంది. పై గాలి పలచన, పారాచూట్‌కు పట్టు దొరక్క జారిపోతుంది. కిందికొచ్చే కొద్దీ నిదానిస్తుంది. ఒకే వేగం పట్టుకోకండి. నేను పైన 25, మధ్యలో 10, కింద 6 మీటర్లని వేస్తే ఇంకో పాతిక కిలోమీటర్ల దాకా పడమరకు తేలింది. పది కిలోమీటర్లు అటూఇటూ మామూలే.

పడిన పెట్టెతో భయం లేదు, లోపలుండేది థర్మామీటరు, తేమ కొలిచేది, చిన్న రేడియో, బ్యాటరీ లాంటివే. రబ్బరు ముక్కలు మాత్రం గొడ్లు తినకుండా తీసేయండి.

మర్నాడు చుక్క హార్సిలీ హిల్స్ దగ్గర పెట్టి చూపించాను. "మా మేనత్తోళ్ళది బి.కొత్తకోటే సార్, ఫోన్ చేసి చూడమంటా" అన్నాడొకడు. ఎక్కడానికే వంద నిమిషాలు, దిగేసరికి ఏడున్నర దాటుతుంది; టార్చిలైటు తీసుకుపొమ్మని చెప్పమన్నాను.