డ్రైవర్ల పాఠాలు – 4: ఉష్ణోగ్రత తప్పు చూపిస్తుంటే

కిందటి పాఠంలో ఎల్‌ఎం75 అనే ఉష్ణోగ్రత సెన్సార్‌ని ఐ2సీ బస్ (చిప్‌ల మధ్య డేటా నడిచే తీగలు) మీద చదివే డ్రైవర్, అంటే ఆ చిప్‌తో మాట్లాడే ప్రోగ్రామ్, రాశాం. లైనక్స్ కెర్నెల్‌లో సెన్సార్ విలువలను చూపించే హెచ్‌డబ్ల్యూమాన్ అనే భాగం ద్వారా దాని విలువను బయటికి తెచ్చాం. విలువ వచ్చింది సరే, అది నిజమేనా?

తేడా కనిపించగానే చాలామంది చివర్లో ఓ పదో పన్నెండో తీసేసి సరిపెట్టేస్తారు. ఆ పని చేయకండి. ముందు రిజిస్టర్‌లోని (చిప్ తన విలువను దాచుకునే చోటు) ముడి విలువను, ఏ లెక్కా కట్టకుండా, డీబగ్ లైనుతో లాగ్‌లోకి రాయించండి. పక్కన నమ్మకమైన థర్మామీటర్ పెట్టుకుని కనీసం రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర చూడండి. తప్పు ఎక్కడుందో దాని తీరే చెబుతుంది.

రీడింగ్ పిచ్చిగా గెంతుతోందా? బైట్లు తారుమారయ్యాయేమో చూడండి. ఎల్‌ఎం75 పై బైటును ముందు పంపుతుంది, ఐ2సీ మీద నడిచే ఎస్‌ఎంబస్ నియమావళి మాత్రం కింది బైటు ముందు వస్తుందనుకుంటుంది. రిజిస్టర్‌లో ఉండేది డిగ్రీలను 256తో గుణించిన అంకె: 25 డిగ్రీలంటే హెక్స్ (16 ఆధారంగా రాసే సంఖ్య) 1900, 25.5 అంటే 1980. తిరగబడితే అవి 0019, 8019 అవుతాయి. అంటే గదిలో అర డిగ్రీ పెరిగితే తెర మీద 0.1 నుంచి ఏకంగా -127.9కి పడిపోతుంది! మందు సులువే: కెర్నెల్‌లో పేరు చివర ‘స్వాప్డ్’ అని ఉండే వర్డ్ రీడ్ ఫంక్షన్ వాడండి.

సున్నాకి పైన అంతా బాగుండి, కిందికి దిగగానే 231 లాంటి అంకె వస్తే అది ప్లస్, మైనస్ గుర్తు సమస్య. -25కి పై బైటు 11100111. దాన్ని గుర్తులేని సంఖ్యగా చదివితే 231. తేడా ఎప్పుడూ సరిగ్గా 256 ఉంటుంది. విలువను ముందే గుర్తున్న 16 బిట్ల రకంలోకి తీసుకోండి. టీఎంపీ102 లాంటి 12 బిట్ల ఉష్ణోగ్రత చిప్‌కి కెర్నెల్‌లోని సైన్ ఎక్స్‌టెండ్ ఫంక్షన్ వాడితే, దానికివ్వాల్సింది బిట్ల సంఖ్య కాదు, గుర్తు బిట్ స్థానం. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 12 కాదు, 11. ఇక్కడ జారిపడని వాళ్లు తక్కువ.

అంతా వెయ్యో వంతుగా కనిపిస్తే, హెచ్‌డబ్ల్యూమాన్‌కి మిల్లీడిగ్రీలు కావాలన్నది మరిచారన్నమాట: 25 డిగ్రీలంటే 25000. పాయింటు తర్వాత ఎప్పుడూ సున్నాలే వస్తుంటే, 256తో ముందు భాగించి తర్వాత 1000తో గుణిస్తున్నారు. వరస మార్చండి.

అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా ఒకే తేడా ఉంటే అప్పుడే ఆఫ్‌సెట్‌ని, అంటే ప్రతి రీడింగుకీ కలిసే స్థిరమైన అంకెని, అనుమానించాలి. ఇంటెల్ ప్రాసెసర్‌లోని సెన్సార్ ఉష్ణోగ్రత చెప్పదు, గరిష్ఠ పరిమితికి ఎన్ని డిగ్రీలు కింద ఉన్నామో చెబుతుంది. ఆ పరిమితి 90 అయితే డ్రైవర్ 100 అనుకుంటే, ప్రతి రీడింగూ 10 ఎక్కువే. 2017లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 1800ఎక్స్ అయితే ఫ్యాన్ల నియంత్రణ కోసం కావాలనే 20 డిగ్రీలు కలిపి చెప్పేది. ఇలాంటి చోట తీసివేత న్యాయమే, కానీ ఆ మోడల్‌కి మాత్రమే, తయారీదారు చెప్పిన అంకెతోనే.

అభ్యాసం: టీఎంపీ102 డ్రైవర్ 20 డిగ్రీల దగ్గర 40 చూపిస్తోంది. ఇది 20 డిగ్రీల ఆఫ్‌సెట్టా, లేక 16 బిట్ల రిజిస్టర్‌లో పైనున్న 12 బిట్ల విలువను కుడికి 4 బిట్లు జరపాల్సిన చోట 3 జరిపి విలువను రెట్టింపు చేశారా? 45 దగ్గర ఈ రెండూ ఏమేం చూపించాలో కాగితం మీద లెక్కకట్టి ఉంచండి. వచ్చే పాఠంలో ఆ కోడ్‌నే సరిచేసి, హెచ్చరిక పరిమితులను రిజిస్టర్‌లోకి రాద్దాం.